"నాకు పెళ్లెప్పుడవుతుంది?" అని టారో కార్డుల్ని అడగొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీది చిత్తూరు, వయసు ఇరవై ఎనిమిది, రెండేళ్లుగా ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. వచ్చే శనివారం తిరుపతిలో ఒకావిడ దగ్గర మొదటిసారి టారో రీడింగ్‌కి వెళ్తున్నారు. ఫోన్లో "పెళ్లెప్పుడవుతుందో తెలుసుకోవాలి" అంటే ఆవిడ "ప్రశ్న మార్చుకుని రండమ్మా" అన్నారు. ఎలా మార్చుకోవాలో తెలియక టెన్షన్ పడుతున్నారు. ఎన్ని ప్రశ్నలు అడగొచ్చు, మన సంగతులు ముందే చెప్పాలా, వెంట అమ్మని తీసుకెళ్లొచ్చా అని కూడా అడిగారు.

నేను తిరుపతిలోనే పదిహేనేళ్లుగా కార్డులు చదువుతున్నాను. సూటిగా చెప్తాను.

మీ చేతిలో ఉన్నదాని గురించి అడగండి. పెళ్లి ఎప్పుడవుతుంది, అతను నన్ను ఇష్టపడతాడా, వాళ్లింట్లో ఒప్పుకుంటారా, ఇవేవీ మీ చేతిలో లేవు. నేను దేన్ని చూసి నిర్ణయం తీసుకుంటున్నాను, దేన్ని చూడకుండా దాటేస్తున్నాను, ఈ రెండు మూడు నెలల్లో ఏం చేయగలను, ఇవి మీవి. మీ ప్రశ్ననే తీసుకుంటే నేనైతే ఇలా మారుస్తాను: "ఈసారి వచ్చే సంబంధానికి సరే అనాలన్నా వద్దనాలన్నా నేను దేన్ని చూసుకోవాలి?" ఆవిడ మిమ్మల్ని మార్చుకుని రమ్మన్నది బహుశా ఇందుకే. తేదీలు చెప్పి పంపేయడం ఆవిడకి చాలా సులువు. అలా చేయకుండా ముందే ఆపారంటే ఆవిడ మీద నాకు మంచి అభిప్రాయమే కలిగింది.

తేదీ ఎందుకు అడగకూడదో చెప్తాను. జాతకం చూసేవారికి మీరు పుట్టిన తేదీ, సమయం, ఊరు ఇస్తారు. వాళ్లు దశలు, అంతర్దశలు లెక్క కడతారు. ఆ లెక్కలో కాలం ఉంది. టారోలో మీరు ఎప్పుడు పుట్టారో తెలియకుండానే రీడింగ్ అయిపోతుంది. 78 కార్డులు, వాటి మీద బొమ్మలు, మీ ప్రశ్న, అంతే సరంజామా. అందులో క్యాలెండర్ లేదు. వాండ్స్ (కర్రల గుర్తు) కార్డు వస్తే రోజులు, కప్స్ (గిన్నెల గుర్తు) కార్డు వస్తే వారాలు అని లెక్క చెప్పే రీడర్లు ఉన్నారు. మొదట్లో నేనూ చెప్పాను. రెండేళ్లు డైరీలో రాసుకుని, తర్వాత ఒక్కొక్కరినీ కనుక్కుంటే ఆ లెక్కలు నిలబడలేదు. ఆ రోజు నుంచి తేదీలు చెప్పడం మానేశాను.

ఈ బొమ్మల కథ కొంచెం తెలిస్తే విషయం ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. టారో కార్డులు పదిహేనో శతాబ్దంలో ఉత్తర ఇటలీలో ఆట కోసం పుట్టాయి, మన పేకలాగా. వాటితో జోస్యం చెప్పడం పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్సులో ఊపందుకుంది. ఇప్పుడు మన ఊళ్లలో ఎక్కువమంది రీడర్ల దగ్గర కనిపించే బొమ్మలు మాత్రం 1909లో లండన్‌లో అచ్చయిన సెట్‌వి. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ చేయించిన సెట్ అది, బొమ్మలు గీసింది పమేలా కోల్‌మన్ స్మిత్ అనే చిత్రకారిణి. ఆమె చేసిన గొప్ప పని ఒకటుంది. అంతకుముందు చాలా సెట్లలో 22 పెద్ద కార్డులకీ, రాజు, రాణి లాంటి కార్డులకీ మాత్రమే సరైన బొమ్మలుండేవి. మిగతా వాటిలో ఐదు గిన్నెల కార్డంటే ఐదు గిన్నెలు గీసి ఊరుకునేవారు. ఆమె ఆ చిన్న కార్డుల్లో కూడా మనుషుల్ని పెట్టింది, ఏదో జరుగుతున్నట్టు గీసింది.

ఆ ఐదు గిన్నెల కార్డే చూడండి, ఫైవ్ ఆఫ్ కప్స్. నల్లటి దుప్పటి లాంటిది కప్పుకున్న మనిషి తల వంచుకుని నిలబడి ఉంటాడు. ఎదురుగా మూడు గిన్నెలు ఒలికిపోయి ఉంటాయి. వెనక రెండు గిన్నెలు నిటారుగా నిలబడి ఉంటాయి, వాటి వైపు అతను చూడడు. "పెళ్లెప్పుడు?" అని అడిగినప్పుడు ఈ కార్డు పడితే దాన్నుంచి నెల చెప్పలేను, సంవత్సరం చెప్పలేను. చెప్పానంటే నా నోటికొచ్చింది చెప్పినట్టే. అదే కార్డు "ఈ రెండేళ్లలో నేను దేన్ని పట్టుకుని కూర్చున్నాను?" అన్న ప్రశ్నకి పడితే నేను నోరు విప్పేలోపే అడిగిన మనిషి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. చాలాసార్లు చూశాను. బొమ్మ ఏమిటి, ఎలా, ఎందుకు అన్న ప్రశ్నలకి పలుకుతుంది. అవునా కాదా అంటే పలకదు.

ఒక అమ్మాయి సంగతి చెప్తాను. 2025లో 16,347 పోస్టులకి మెగా డీఎస్సీ పడింది కదా, అప్పుడు బాలాజీ కాలనీ వైపు హాస్టల్లో ఉండి ప్రిపేరయ్యేది. ఒక సాయంత్రం వచ్చింది. చూపుడు వేలికి సిరా మరక, బ్యాగులోంచి బయటికి పొడుచుకొచ్చిన జిరాక్స్ కాగితాలు. కూర్చోకముందే "అక్కా, జాబ్ వస్తాదా రాదా, అదొక్కటి చెప్పు చాలు" అంది. పేపర్ ఎలా వస్తుందో, పక్కవాళ్లకి ఎన్ని మార్కులొస్తాయో నీ చేతిలో లేదమ్మా, నీ చేతిలో ఏముందో దాన్ని అడుగు అన్నాను. ఆలోచించి ఆలోచించి ఇలా అడిగింది: "పరీక్షకి మిగిలిన రోజుల్లో నేను దేన్ని తప్పించుకుంటున్నాను?" ఎంత మంచి ప్రశ్న! నేను చెప్పిచ్చింది కాదు, తనే అల్లుకుంది.

కార్డులు కలిపి, కోసి, పైది తిప్పింది. టూ ఆఫ్ స్వోర్డ్స్. కళ్లకి గంతలు కట్టుకుని కూర్చున్న ఆడమనిషి, గుండెకి అడ్డంగా పట్టుకున్న రెండు కత్తులు, వెనక నీళ్లు, పైన చంద్రవంక. నేనేం చెప్పలేదు. కార్డుని ఆ అమ్మాయి వైపు జరిపి ఊరుకున్నాను. చాలాసేపు చూసి, "నేను మాక్ టెస్టులు రాయడం లేదక్కా. సిలబస్ అయినాక రాస్తా అని అందరికీ చెప్తా ఉండాను. మార్కులు చూసుకోవాలంటే భయం" అంది. ఆ రీడింగ్‌లో ఇంకో కార్డు తీయాల్సిన పని పడలేదు. మర్నాటి నుంచి టెస్టులు రాయడం మొదలుపెట్టింది. ఉద్యోగం వచ్చిందా అని మీరు అడుగుతారు. ఆ విడతలో రాలేదు. కానీ ఏ సబ్జెక్టులో ఎన్ని మార్కులు తక్కువో ఇప్పుడు కాగితం మీద చూపించగలదు. మళ్లీ రాస్తానంటోంది.

ఇంకో సంగతి క్లుప్తంగా. మీ చిత్తూరు వైపే, తోతాపురి మామిడి తోట ఉన్న రైతు ఒకాయన. 2025లో కాయ ధర ఎలా పడిపోయిందో మీకు నేను చెప్పక్కర్లేదు. "వచ్చే ఏడు రేటు ఎట్లుంటాది?" అని అడిగారు. రేటు కార్డుల్లో ఉండదన్నాను. పావుగంట మాట్లాడుకున్నాక "ఈ తోట విషయంలో నేను వాయిదా వేస్తా ఉండే పనేంది?" అని అడిగారు. సెవెన్ ఆఫ్ పెంటకిల్స్ పడింది. పార లాంటి పనిముట్టు మీద ఆనుకుని, కాపుకొచ్చిన చెట్టుని చూస్తూ నిలబడ్డ రైతు బొమ్మ. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని "ఇది నేనే" అన్నారు. మొత్తం గుజ్జు ఫ్యాక్టరీలకి పోయే కాయ మీదే ఆధారపడకుండా కొన్ని చెట్లకి వేరే రకం అంటు కట్టించాలని మూడేళ్లుగా అనుకుంటూ ఉన్నారట. అంటు కట్టాలా వద్దా అన్నది నేను చెప్పలేను, నాకు సేద్యం తెలియదు. తెలిసినవాళ్లని అడగమన్నాను.

ఇంకొకరి మనసులో ఏముందో అడగకండి. ఇది నేను నా తప్పు నుంచి నేర్చుకున్నది, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

కార్డులు మొదలుపెట్టిన రెండో ఏడు. ముప్పై ఐదేళ్ల ఆవిడ వచ్చింది. భర్త ఇల్లొదిలి వెళ్లి ఆరు నెలలైంది. "ఆయన మనసులో నేనున్నానా? తిరిగొస్తాడా?" అని అడిగింది. నేను ప్రశ్న మార్చలేదు. మార్చాలని అప్పటికి నాకు తెలియదు. మూడు కార్డులు తీశాను. చివరిది సిక్స్ ఆఫ్ కప్స్. పాత ఇంటి ముంగిట్లో ఒక పిల్లవాడు చిన్న పాపకి పూలున్న గిన్నె అందిస్తున్న బొమ్మ. గడిచిన రోజుల జ్ఞాపకం, పాత బంధం అని దానికి అర్థం చెప్తారు. నేను "వస్తాడమ్మా" అనేశాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. నాకూ సంతోషమేసింది.

ఏడాదిన్నర తర్వాత మళ్లీ వచ్చింది. ఆయన రాలేదు. ఈలోపు వాళ్లన్న ఒక బట్టల షాపులో ఉద్యోగం చూసిపెడితే, ఆయన వచ్చే టైముకి తను ఊళ్లో ఉండాలని వెళ్లలేదట. నన్ను తిట్టలేదు. "మీరు చెప్పినారు కదా మేడమ్" అని ఒక్క మాట అంది. ఆ మాట నేను ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ కార్డు ఆవిడ మనసు చూపించింది, ఆవిడ పాత రోజుల్లోనే ఉండిపోయిందని చూపించింది. ఎదురుగా లేని మనిషి మనసు నేను చదివానని అనుకున్నాను. కార్డులు కలిపింది ఆవిడ, ఆయన కాదు.

అదే ఆవిడ ఈరోజు వస్తే ఇలా అడగమంటాను: "ఆయన వచ్చినా రాకపోయినా, ఈ మూడు నెలల్లో నా కాళ్ల మీద నేను నిలబడటానికి మొదట ఏం చేయాలి?" మీ విషయంలోనూ ఇంతే. "ఆ అబ్బాయికి నేను నచ్చానా?" అని అడగాలనిపిస్తుంది, సహజం. దాన్ని "అతనితో మాట్లాడినప్పుడు నేను నాలాగా ఉన్నానా, లేక నచ్చాలని ఇంకోలా ఉన్నానా?" అని తిప్పుకోండి. అతని మనసు తెలుసుకోవాలంటే ఫోన్ చేసి అతన్నే అడగడం మేలు.

ఇక మీ సంగతులు ముందే చెప్పాలా అన్నది. ఇది మన ప్రాంతంలో దాదాపు ప్రతి ఒక్కరూ పడే సందేహం. మనకి అలవాటైన జోస్యాలు అలాంటివి. ఎరుకల సానెమ్మ చెయ్యి పట్టుకుని సోది చెప్తుంటే మనం ఊ కొడతాం, అంతే. నా చిన్నప్పుడు చిలక జోస్యం అతను మా వీధిలోకి వచ్చేవాడు. పంజరం తలుపు తీస్తే చిలక బయటికి వచ్చి వరసలోంచి ఒక కార్డు లాగేది, అతను చదివేవాడు. మనం పేరు చెప్తే చాలు. అందుకే చాలామంది నా దగ్గరికి వచ్చి "నేనేం చెప్పను, మీరే చెప్పండి" అని చేతులు కట్టుకుని కూర్చుంటారు. చెప్పకుండా చెప్తేనే నిజమైన రీడర్ అని పరీక్ష.

నేను ఆ పద్ధతుల్ని తక్కువ చేయడం లేదు. కానీ టారో అలా నడవదు. కొలతలు ఇవ్వకుండా జాకెట్ కుట్టించుకున్నట్టు ఉంటుంది. కుట్టడం కుట్టేస్తారు, మీకు పట్టదు. రెండు మూడు వాక్యాల్లో విషయం చెప్పండి. "రెండేళ్లుగా సంబంధాలు చూస్తున్నారు, ఇప్పటికి ఇన్ని వచ్చాయి, కొన్ని నేను వద్దన్నాను, కొన్ని వాళ్లు వద్దన్నారు." ఇంత చాలు. కాకపోతే ఒక జాగ్రత్త తీసుకోండి. ఏం జరిగిందో చెప్పండి, ఏం వినాలనుకుంటున్నారో చెప్పకండి. "నాకు ఫలానా సంబంధమే కుదరాలని ఉంది" అని ముందే అంటే ఎంత మంచి రీడరైనా అటు వైపే మొగ్గుతారు. మంచివాళ్లు కాకపోతే మీరు చెప్పిందే తిప్పి మీకే చెప్పి డబ్బులు తీసుకుంటారు.

అమ్మని తీసుకెళ్లడం. తీసుకెళ్లండి, కానీ ఒకే ప్రశ్న మీద ఇద్దరూ కూర్చోకండి. ఎవరు కార్డులు కలిపితే ప్రశ్న వాళ్లది.

కొన్నేళ్ల కింద ఒక తల్లీ కూతురూ వచ్చారు. పొద్దున శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయించుకుని అటు నుంచి అటే వచ్చారు. తల్లి చేతిసంచిలో కూతురి జాతకం జిరాక్సులు ఐదారు ఉన్నాయి. ఆవిడే మాట్లాడుతోంది. ఎంత కట్నం అడిగారు, ఏ ఊరు, ఎందుకు తప్పిపోయింది, అన్నీ. కూతురు చున్నీ అంచుని వేలికి చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం. కార్డులు కూతురికి ఇస్తే తల్లి వైపు చూసింది. అప్పుడు కార్డులు తల్లి చేతిలో పెట్టాను. "మీరే కలపండమ్మా. కానీ మీ అమ్మాయి గురించి కాదు, మీ గురించి అడగండి" అన్నాను. ఆవిడకి మొదట అర్థం కాలేదు. నాకేముంది అడిగేదానికి అంది. కొంచెంసేపు ఊరుకుని, గొంతు తగ్గించి అడిగింది: "దీని పెండ్లి గురించి నాకెందుకు ఇంత భయం?"

నైన్ ఆఫ్ స్వోర్డ్స్ పడింది. చీకట్లో మంచం మీద లేచి కూర్చుని, రెండు చేతుల్లో మొహం దాచుకున్న ఆడమనిషి. వెనక గోడ నిండా అడ్డంగా తొమ్మిది కత్తులు. కప్పుకున్న దుప్పటి మీద గులాబీ పూలు, రాశుల గుర్తులు. ఆ తల్లి వేలుతో ఆ మంచాన్ని తాకి, "నేనూ రాత్రి రెండింటికి ఇట్లే లేచి కూచుంటా" అంది. కూతురు వేలికి చున్నీ చుట్టడం ఆపేసింది. తల్లికి నిద్ర పట్టడం లేదన్న సంగతి ఆ అమ్మాయికి తెలియదు. తర్వాత ఇరవై నిమిషాలు వాళ్లిద్దరే మాట్లాడుకున్నారు, నేను కిందికి వెళ్లి కాఫీ పెట్టుకొచ్చాను. కూతురు తన ప్రశ్నతో వారం తర్వాత ఒక్కతే వచ్చింది.

మీ రీడర్‌తో ముందే మాట్లాడి, అరగంట మీకు, పావుగంట అమ్మకి అని విడివిడిగా పెట్టించుకోండి. మీ ప్రశ్న అప్పుడు అమ్మ బయట కూర్చుంటే మంచిది. ఆమె మీద ప్రేమ లేక కాదు, ఎదురుగా ఉంటే మీరు అడగాల్సింది అడగలేరు.

ఎన్ని అడగొచ్చు? ముప్పావుగంటకి రెండు, మరీ అయితే మూడు. పది ప్రశ్నల చీటీ తీసుకొచ్చేవాళ్లని చూస్తాను. ఆరో ప్రశ్నకి వచ్చేసరికి మొదటిదానికి ఏం చెప్పానో వాళ్లకే గుర్తుండదు.

అడిగిందే మళ్లీ అడగకండి. జవాబు నచ్చలేదని ఇంకో కార్డు, ఇంకో కార్డు తీయించుకోకండి. ఇక్కడ బాగాలేదని ఇంకో రీడర్ దగ్గరికి అదే ప్రశ్నతో వెళ్లకండి. కనీసం మూడు నెలలు గడవనివ్వండి, లేదా పరిస్థితిలో ఏదైనా నిజంగా మారనివ్వండి. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో అమ్మవారి దగ్గర పూలడిగేవాళ్లు. కుడి పక్క పువ్వు పడితే సరే, ఎడమ పక్క పడితే వద్దు. అమ్మమ్మ అడిగే ముందు చాలాసేపు ఊరికే నిలబడేది. ఎందుకవ్వా అని అడిగితే, "అడిగినాక ఇనాల గదా. ఇనే ధైర్యం ఉందా లేదా అని చూసుకుంటా ఉండాను" అనేది. నా దగ్గరికి వచ్చేవాళ్లందరికీ ఈ మాట చెప్తాను. వచ్చే జవాబు ఏదైనా సరే అనిపించకపోతే ఆ ప్రశ్న ఈ శనివారానికి వద్దు, పక్కన పెట్టండి.

రెండు సంబంధాల మధ్య, రెండు ఉద్యోగాల మధ్య తేల్చుకోలేకపోతే "ఏది మంచిది?" అని ఒకే ప్రశ్నగా అడగకండి. దేనికి దానికి విడిగా కార్డు తీయమనండి. "ఈ దారిలో వెళ్తే నేను దేనికి సిద్ధపడాలి?" అని రెండింటికీ ఒకే మాట అడగండి. అప్పుడు రెండు బొమ్మలు పక్కపక్కన ఉంటాయి, మీ మనసు ఎటు లాగుతోందో మీకే తెలుస్తుంది.

"నాకేమైనా చెడు జరుగుతుందా?" అన్న ప్రశ్న మాత్రం ఎప్పుడూ అడగకండి. భయంతో అడిగిన ప్రశ్నకి ఏ కార్డు పడినా భయంగానే కనిపిస్తుంది. పదమూడో కార్డు డెత్ పడిందంటే ఇంక నిద్రపోరు. తెల్లగుర్రం మీద కవచం తొడుక్కున్న అస్థిపంజరం కనిపిస్తుంది కానీ, దూరంగా రెండు బురుజుల మధ్య సూర్యుడున్నాడని ఎవరూ చూడరు. ఒక దశ ముగిసిందని చెప్పే కార్డు అది, ప్రాణం పోతుందని కాదు.

కార్డుల దగ్గరికి అసలు తేకూడని ప్రశ్నలూ ఉన్నాయి. ఒంట్లో బాగాలేనివి, కోర్టు కేసులు, పెద్ద మొత్తాల పెట్టుబడులు. ఒకసారి ఒకాయన కడుపునొప్పితో నాలుగు నెలలుగా బాధపడుతూ "ఇది పెద్ద జబ్బా, కాదా?" అని అడగడానికి వచ్చారు. కార్డులు గుడ్డలో చుట్టి లోపల పెట్టేశాను. రుయా ఆసుపత్రిలో ఓపీ పొద్దున్నే ఉంటుంది, రేపే వెళ్లండి, నాకు డబ్బులేమీ ఇవ్వొద్దు అని పంపాను. ఇలాంటి ప్రశ్నకి కార్డులు పరిచే రీడర్ ఎంత పేరున్నవాళ్లయినా లేచి వచ్చేయండి. కార్డుల్లో దోషం కనిపించింది, పూజకి ఇన్ని వేలు కట్టాలి అన్నా అంతే. 78 కార్డుల్లో దోషం అనే కార్డు లేదు.

మీరు వెళ్లేచోట బహుశా సెల్టిక్ క్రాస్ అనే పద్ధతిలో కార్డులు పరుస్తారు. పది కార్డులు. అందులో తొమ్మిదో చోటు మీద కన్నేసి ఉంచండి. ఆశలకీ భయాలకీ కలిపి ఒకటే చోటు అది. మొదట్లో నాకు ఇది వింతగా అనిపించేది, రెండూ ఒకే చోట ఎలా పెడతారని. పెళ్లి ప్రశ్నలు చదివీ చదివీ అర్థమైంది. సంబంధం కుదరాలని ఎంత ఆశపడతారో, కుదిరితే ఇల్లొదిలి వెళ్లాలని అంతే భయపడతారు. అక్కడ ఏ కార్డు పడితే దాని గురించి ఇంకొంచెం చెప్పమని అడగండి. ఇది రెండో ప్రశ్న కింద లెక్కకి రాదు.

శనివారం లోపు ఒక పని చేయండి. తెల్లకాగితం మీద మీ ప్రశ్న ఇప్పుడు ఎలా ఉందో అలాగే రాయండి: "నాకు పెళ్లెప్పుడవుతుంది?" దాని కింద "ఇది తెలిస్తే నేనేం చేస్తాను?" అని రాసి, జవాబు రాయండి. నా దగ్గరికి వచ్చిన ఒకమ్మాయి "తెలిస్తే బెంగళూరులో ఉద్యోగానికి అప్లై చేయాలా వద్దా తేల్చుకుంటా" అని రాసింది. అంటే ఆమె అసలు ప్రశ్న పెళ్లి కాదు, ఉద్యోగం. ఇంకొకరు "తెలిస్తే అప్పటిదాకా బంధువుల ఫంక్షన్లకి వెళ్లను" అని రాశారు. ఆవిడ ప్రశ్న జనం మాటల్ని తట్టుకోవడం గురించి. మీరేం రాస్తారో నాకు తెలియదు కానీ, ఆ రెండో ప్రశ్నకి రాసిన జవాబులోనే మీరు అడగాల్సిన ప్రశ్న ఉంటుంది. దాన్ని ఒక్క వాక్యంలో, "నేను" అనే మాటతో రాసుకోండి.

ఆ కాగితం వెంట తీసుకెళ్లండి. రీడింగ్ అయ్యాక వెనక వైపు ఏ కార్డులు వచ్చాయో, ఆవిడ ఏమన్నారో, ఏ బొమ్మ చూసినప్పుడు మీకేమనిపించిందో రాసుకోండి. ఫీజు ఎంతో ఫోన్లోనే కనుక్కోండి.

ఉపవాసం ఉండాలా, తలస్నానం చేసి వెళ్లాలా అని కూడా చివర్లో అడిగారు. మీకు అలవాటైతే చేయండి, కార్డులకి మాత్రం అక్కర్లేదు. చిత్తూరు నుంచి బస్సులో గంటన్నర, రెండు గంటలు పడుతుంది కదా, ఏమైనా తిని బయల్దేరండి. ఆకలితో కూర్చుంటే మనసు ప్రశ్న మీద నిలవదు.